రూపాయి బరువెక్కినప్పుడు
మాంద్యకాలమున రైతు తన సొమ్మును కాపాడుకొను విధము



వానలు లేక పంట యెండిపోయినచో దానిని కఱవని పిలుతుము. ఆ కఱవు కంటి కగపడును. చెఱువు నెఱ్ఱెలు విచ్చును, పశువులు బక్కచిక్కును, ఊరివారందఱును ఒకరి కష్ట మొకరు చూతురు. కాని పంట చక్కగా పండి, కళ్లములో రాశులు పోసియుండగా వచ్చు కఱవు వేఱొకటి కలదు. ఆ కఱవున ధాన్యమునకు కొదువ యుండదు. ధాన్యమును కొను రూపాయికే కొదువ. దానినే ఆర్థిక మాంద్యమందురు. మొదటి కఱవునకు మన పెద్దలు ఉపాయములు నేర్పిరి. చెఱువులు త్రవ్విరి, పాతరలు వేసిరి, గడ్డివాములు కూర్చిరి. ఈ రెండవ కఱవునకు పాతర యేది? ఈ నెల దానిని గూర్చియే వ్రాయ దలచితిని.

నేను అర్థశాస్త్రము చదివినవాడను గాను. ఊరూర దిరిగి, ఒక చెక్కలో పాత వంగడమును, ప్రక్క చెక్కలో క్రొత్త వంగడమును వేయించి, రెంటిని రైతుల కన్నుల యెదుట కోయించి, నూర్పించి, తూచి చూపుట నా పని. చూపక చెప్పిన మాటను రైతు నమ్మడు, నమ్మనక్కఱయు లేదు. కావున సొమ్మును గూర్చి చెప్పునప్పుడును తూచి చూపుటకే యత్నించెదను. ఇందులకు కాటా అక్కఱలేదు. ఒక బస్తాయే మనకు తూనిక.

పండి పోయిన పొలము

మా ముత్తాతగారికి గోదావరి కాలువ క్రింద ఐదెకరముల మాగాణి యుండెడిది. మొదటి ప్రపంచ యుద్ధము 1918లో ముగిసిన పిదప కొన్నేండ్లు ధాన్యమునకు మంచి ధర పలికెను. భూముల వెలలు పెరిగెను. భూమి వెల పెరిగినచో దానిపై అప్పిచ్చువారును పెరుగుదురు. ఆ ధైర్యముతో ఆయన పెద్దకూతురి పెండ్లికిని, ఒక జత యెద్దులకును ఊరి షావుకారునకు నోటు వ్రాసి యిచ్చి ఋణము తెచ్చెను. ఆ దినములలో అది యెవ్వరికిని తప్పుగా తోపలేదు. ఏటేట వడ్డీ కట్టుచు, అసలులో కొంత తీర్చుచు నుండెను.

1929 అక్టోబరులో అమెరికా దేశమున న్యూయార్కు నగరపు వాటాల బజారు కూలెను. ఆ పేరైన వినని మా ముత్తాతగారి కళ్లమునకు దాని దెబ్బ ఏడాది తిరుగునంతలో వచ్చి తగిలెను. లోకమంతటను సరకులకు గిరాకి పోయెను. చెన్నపట్టణపు రాజధానిలో వడ్ల ధర మూడు నాలుగేండ్లలో దాదాపు సగమునకు దిగెను. వేరుసెనగకును అదే గతి పట్టెను. 1934లో కాలువగట్టు ప్రక్కనున్న మూడెకరములు షావుకారు పరమయ్యెను.

అప్పటికి మా తాతగారు పదునాలుగేండ్ల పిల్లవాడు. ఈ కథ ఆయన నాకు పదిమాఱులైన చెప్పియుండును. చెప్పినప్పుడెల్ల చివరకు ఒక్కటే మాట యనెడివారు: “వఱదకు పోలేదురా, కఱవుకు పోలేదు. ఆ ఐదేండ్లును పంట పండెను. పండి చెడితిమి.”

పంట పండియు పొల మెట్లు పోయెను? చిన్ననాడు నా కది యర్థము కాలేదు. మిషను పాఠశాలలో మా లెక్కల ఉపాధ్యాయుడు పలక నడుమ గీత గీయించి, కుడివైపున ఖర్చు, ఎడమవైపున జమ వ్రాయించెడివాడు. చాల యేండ్లకు ఆ పలక జ్ఞప్తికి వచ్చి, మా తాతగారి కథను దానిపై పెట్టి చూచితిని. అప్పుడు తెలిసినది.

బస్తాలతో కొలిచిన అప్పు

మా ముత్తాతగారి నోటు ఇప్పుడు మా యింట లేదు. కావున లెక్క సులభమగుటకు గుండ్రని యంకెలు గైకొందము. ఒక రైతునకు ఏటికి 70 బస్తాలు పండుననుకొనుడు. బస్తా 6 రూపాయలు. అతనికి 300 రూపాయల అప్పు. నూటికి ఏటికి 12 వడ్డీ. భూమిశిస్తు 30 రూపాయలు.

ధర బాగున్న దినములలో అతని అప్పు 50 బస్తాలు. ఏటి వడ్డీ 36 రూపాయలు, అనగా 6 బస్తాలు. శిస్తునకు 5 బస్తాలు. ఈ రెంటికిని 11 బస్తాలు పోగా 59 బస్తాలు మిగులును. తిండికి, విత్తనములకు, కూలికి, బట్టలకు, అసలులో కొంత తీర్చుటకు అది చాలును.

ఇప్పుడు బస్తా 3 రూపాయలకు దిగినది. నోటుపై 300 రూపాయలే యున్నవి. ఒక్క రూపాయియు పెరుగలేదు. కాని అప్పు 100 బస్తాలైనది. వడ్డీకి 12 బస్తాలు, శిస్తునకు 10 బస్తాలు, మొత్తము 22. మిగిలిన 48 బస్తాలలో ఇంటి తిండికి ఎప్పటియంతయు కావలసినదే. తక్కినవాని వెల వెనుకటిలో సగమే. అసలు తీర్చు మాట యటుంచి, వడ్డీ కూడ మిగిలి అసలులో కలియసాగును. కలిసిన దానికి మరల వడ్డీ.

అన్నలారా, మాంద్యమున జరుగునది యిదియే. రూపాయి బరువెక్కును, బస్తా తేలికయగును. మనము పండించునది బస్తా, చెల్లించవలసినది రూపాయి. నోటుపైని అంకె కదలకయే అప్పు రెట్టింపగును. కావున ఈ వ్యాసమున నేను చెప్పదలచిన దొక్కటే మాట: రైతు తన అప్పును రూపాయలతో గాక బస్తాలతో కొలుచుకొనవలెను; అదియు మంచి ధరతో గాక చెడ్డ ధరతో కొలువవలెను. ఆ కొలతకు నిలిచిన అప్పే చేయదగిన అప్పు.

అప్పటివారిని ఆదుకొన్న దేది?

ఆ కష్టకాలమున ప్రజలు నాలుగు దిక్కుల చూచిరి.

మొదటిది బంగారము. 1931 సెప్టెంబరులో ఇంగ్లండు బంగారపు నాణెమానమును విడిచెను. రూపాయి ఇంగ్లండు నాణెముతో ముడిపడియుండుటచే ఇచ్చటను బంగారము ధర పెరిగెను. ఆ యేటి చివరనుండి మన పల్లెలలోని కాసులపేర్లు, గాజులు కరగి ఓడలెక్కి దేశము దాటిపోయెను. బంగార మున్నవారు కొంత తట్టుకొనిరి. కాని పేదయిండ్లలో నుండెడిది బంగారము గాదు, వెండి. కడియములు, మొలత్రాళ్లు, పట్టెడలు. ఆ దినములలోనే వెండి ధర మిక్కిలి పడిపోయెను. ఉన్నదంతయు ఒకే వస్తువులో దాచుకొన్నవారి కిది హెచ్చరిక.

రెండవది పరదేశపు సంపాదన. విశాఖపట్టణము, గోదావరి మండలములనుండి వేలకొలది మంది బర్మాకు పోయి, రంగూను ఓడరేవునను, బియ్యపు మరలలోను కూలిచేసి ఇంటికి మనియార్డరులు పంపెడివారు. మాంద్యము వచ్చినతోడనే అచ్చటి పనులును సన్నగిల్లెను. 1930 మే నెలలో రంగూనులో తెలుగు కూలీలకును బర్మావారికిని ఘోరమైన కలహము జరిగి, అనేకులు ప్రాణములు చేతబట్టుకొని తిరిగివచ్చిరి. పొలము ఆదాయము తగ్గిన కాలముననే మనియార్డరులును ఆగెను.

మూడవది ప్రభుత్వము. 1936లో చెన్నపట్టణపు రాజధానిలో ఋణముల రాజీకై యొక చట్టము వచ్చెను. 1938లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము రైతు ఋణ విమోచన చట్టమును చేసెను. 1932 అక్టోబరు 1వ తేదీకి ముందటి అప్పులపై 1937 అక్టోబరు 1వ తేదీ నాటికి నిలిచియున్న వడ్డీ రద్దగుననియు, అసలునకు రెండింతలు అప్పటికే చెల్లించినవాని ఋణము తీరినట్లే యనియు అందుండెను. అది గొప్ప మేలు. కాని ధరలు పడినది 1930లో. చట్టము వచ్చినది 1938లో. నడుమ ఎనిమిదేండ్లు. మా ముత్తాతగారి మూడెకరములు అప్పటికి నాలుగేండ్ల క్రిందటనే చేతులు మాఱెను. సర్కారు సాయము వచ్చును; వచ్చువఱకు నిలువబడు శక్తి మనకు మనమే కూర్చుకొనవలెను.

నాలుగవది సహకార సంఘము. దీనిని గూర్చి మన పత్రికలోనే దాపరికము లేక చెప్పుకొనవలెను. ఫ్రెడరిక్ నికల్సను దొర 1895, 1897 సంవత్సరములలో సమర్పించిన నివేదికలను పురస్కరించుకొని చర్చలు సాగి, 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. జర్మనీ దేశమున రైఫైజను అను నతడు నాటిన పద్ధతియే దానికి మూలము. ఆ పద్ధతిలో పొదుపు వేరు, అప్పు కొమ్మ. మనవారు కొమ్మను నాటి వేరును మఱచిరి. మంచి ధరల కాలమున సంఘములు సభ్యుని తీర్చు శక్తిని చూడక భూమి వెలను చూచి అప్పులిచ్చెను. సభ్యుల సొంత నిలువలు కొంచెము. పైనుండి తెచ్చిన సొమ్ము హెచ్చు. మాంద్యమున బకాయిలు పేరుకొని పెక్కు సంఘములు మూతపడెను. అప్పిచ్చుటకు మాత్రమే పుట్టిన సంఘము కష్టకాలమున సభ్యుని కాపాడజాలదు. పొదుపు కూర్చిన సంఘమే కాపాడును.

ఇందులకు మన తెలుగు నేలనే తార్కాణములున్నవి. 1992లో నెల్లూరు మండలమున దూబగుంట స్త్రీలు మొదలిడిన సారా వ్యతిరేకోద్యమమునకు వెనుక, ఆ మండలపు పల్లెలలో పొదుపు సంఘములు వెలసెను. సారాకు పోవు సొమ్ములో దినమున కొక రూపాయి చొప్పున ఆడువారు కూడబెట్టిరి. ఇక తెలంగాణమున ముల్కనూరులో 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారి పూనికతో స్థాపితమైన సహకార గ్రామీణ బ్యాంకు, అప్పిచ్చుటతో ఆగక సభ్యులచేత పొదుపు చేయించి, వారి పంటను తానే కొని, నేటికిని నిలిచియున్నది. ఈ రెంటికిని మూలధనము మొదట బయటనుండి రాలేదు. పోపుల డబ్బాలోనుండి వచ్చినది.

నేటి లెక్క

“అది తాతల నాటి మాట, ఇప్పుడు ధరలు పెరుగుచునే యున్నవి గదా” యని కొందఱనవచ్చును. నిజమే. 1930 నాటివలె అన్ని ధరలును ఒక్కుమ్మడిగా పడుట ఇప్పు డరుదు. నేడు మాంద్యము మన యింటికి వేఱు దారిని వచ్చును. పట్టణమున కొడుకు పని పోవును. నెలనెల వచ్చు సొమ్ము ఆగును. లేదా ఒక్క పంట ధర మాత్రము కూలును. ఎరువు, కూలి, డీజిలు ధరలు నిలిచియుండును. 2020 మార్చి 25వ తేదీన దేశమంతటను లాక్‌డౌను విధింపబడినప్పుడు ఈ రెండును ఒక్కమాఱే వచ్చెను. పూలు, పండ్లు కొనువారు లేక తోటలలోనే కుళ్లెను. పట్టణములకు పోయినవారు కాలినడకను ఊళ్లు చేరిరి. రంగూను కథయే మరల జరిగినది.

కావున నేటి యంకెలతో ఒకమాఱు కొలిచి చూతము. 2025–26లో సాధారణ రకపు వడ్లకు కేంద్ర ప్రభుత్వము నిర్ణయించిన మద్దతు ధర క్వింటాలునకు 2,369 రూపాయలు. అనగా 75 కిలోల బస్తాకు సుమారు 1,777 రూపాయలు. ఒక లక్ష రూపాయల అప్పు ఈ ధరతో 56 బస్తాలు. తేమ యనియు, తాలు అనియు చెప్పి వర్తకుడు బస్తాకు 1,500 మాత్రమే యిచ్చినచో అదే యప్పు 67 బస్తాలు.

ఇక వడ్డీ. నూటికి నెలకు రెండు రూపాయల చొప్పున తెచ్చిన లక్షకు ఏటి వడ్డీ 24,000. బస్తా 1,500 అయినచో 16 బస్తాలు. ఆ వడ్డీని కట్టక ఏటేట అసలులో కలుపుకొనుచు పోయినచో మూడేండ్లకు లక్ష 1,90,662 అగును. సంఘమున గాని బ్యాంకున గాని తీసికొను పంట ఋణమునకు మూడు లక్షల వఱకు వడ్డీ నూటికి 7. గడువులోపల తీర్చినవారికి కేంద్రపు రాయితీ పోగా 4. లక్షకు ఏటికి 4,000. అదే బస్తా ధరతో మూడు బస్తాలకు లోపల. పదియాఱు బస్తాలెక్కడ, మూడు బస్తాలెక్కడ! ఆ పదమూడు బస్తాలే మాంద్యమున ఇంటిని నిలుపునవి.

నేను చేసిన తప్పు

పరులకు చెప్పుటకు ముందు నా తప్పును చెప్పుట న్యాయము. 2020లో రిజర్వు బ్యాంకు అనుమతించగా బ్యాంకులు అప్పుల వాయిదాలను మొదట మూడు నెలలును, పిదప ఆగష్టు చివరివఱకును ఆపివేయు వెసులుబాటు నిచ్చినవి. నాకు ఇంటి ఋణమొకటి యుండెను. నా జీతమేమియు ఆగలేదు. వాయిదా కట్టగల శక్తి నాకున్నది. అయినను “ఇచ్చిన సదుపాయమును వదలుకొనుట యేల” యని ఆఱు నెలలు కట్టక, ఆ సొమ్మును ఇంటికి రంగులు వేయించుటకును, క్రొత్త టీవీకిని వ్యయపఱచితిని. ఏడాది చివర లెక్క చూచుకొనగా కట్టని వాయిదాల వడ్డీ అసలులో కలిసియున్నది. ఋణపు గడువు నేను తప్పించుకొన్న నెలలకంటె ఎక్కువ నెలలు పొడిగినది. వాయిదా ఆగినది గాని వడ్డీ ఆగలేదు. గడువిచ్చుట వేఱు, మాఫీ వేఱు. చేతిలో సొమ్ము లేనివానికి గడువు ప్రాణదానము. సొమ్ము ఉన్నవాడు గడువు గోరుట కోరి అప్పు పెంచుకొనుటయే. నిత్యము రైతులకు లెక్కలు చెప్పు నేనే యీ చిన్నలెక్క వేసికొననైతిని.

చేయదగిన పనులు

ఇక పనిలోనికి దిగుదము. మా ప్రదర్శన క్షేత్రములలో ఒక పంటకాలము చూచిన పిదప నచ్చినచో రెండవ పంటకు కొనసాగింపుడని చెప్పుదుము. ఇదియు నట్టిదే. ఒక్క పంటకాలము చేసి చూడుడు.

మొదటిది, లెక్క పుస్తకము. పిల్లల నోటుపుస్తక మొకటి చాలును. నడుమ గీత గీసి ఎడమ జమ, కుడి ఖర్చు వ్రాయుడు. దినమును వ్రాయుట కష్టమైనచో సంత దినమున వారమునకొకమాఱు వ్రాయుడు. ఇంటి యిల్లాలు వ్రాసినచో మఱియు మేలు. వంటయింటి ఖర్చు ఆమెకు తెలిసినంత మనకు తెలియదు. చివరి పుటలో అప్పు లన్నియు వ్రాయుడు. ఎవరికి, ఎంత, ఏ వడ్డీకి, ఎప్పటికి తీర్చవలెను, బస్తాలలో ఎన్ని. ఈ పుటను దాచరాదు; ఆలుమగ లిద్దఱును చూడవలెను. నేనెఱిగిన యొక యింట మగడు లోను యాపులలో చేసిన అప్పు, వసూలుదారులు బంధువులకు ఫోను చేయువఱకు భార్యకు తెలియలేదు. తెలిసియున్నచో ఆమె దాచిన సొమ్ముతో మొదటి నెలలోనే తీరిపోయెడిది.

రెండవది, కఱవు మేర. పూర్వము కళ్లములో రాశి కొలుచునప్పుడు వడ్రంగికి, కమ్మరికి, చాకలికి మేర కొలిచి యిచ్చిన పిదపనే ధాన్యము ఇల్లు చేరెడిది. మిగిలినచో ఇత్తుమని యెవ్వరును అనలేదు. మేర మొదటి కొలత. అట్లే రాబోవు కఱవున కొక మేర కొలువుడు. పది బస్తాలలో ఒక బస్తా సొమ్మును, పంట డబ్బు చేతికి వచ్చిన దినముననే, వేఱు ఖాతాలో వేయుడు. ఖర్చులన్నియు పోగా మిగిలినది దాతుమనుకొన్నచో ఏ యేడును మిగులదు. ఒక పంట పెట్టుబడియు, ఆఱు నెలల ఇంటి ఖర్చును నిలువయగు వఱకు ఈ మేరను ఆపరాదు. పాడి యున్నవారు పాల బిల్లునుండి, కూలికి పోవువారు వారపు కూలినుండి ఇట్లే చేయవచ్చును.

మూడవది, అప్పులు తీర్చు వరుస. గట్టిగా అడుగువానికి ముందు తీర్చుట మన అలవాటు. అది తప్పు. ఎక్కువ వడ్డీ గలదానిని ముందు తీర్పుడు. కాని పంట ఋణపు గడువు మాత్రము దాటనీయకుడు. దాటినచో నాలుగు పోయి ఏడగును, మఱుసటి యేటి ఋణమునకును చిక్కు వచ్చును. పెట్టెలో వాడని నగ యుండగా నెలకు రెండు రూపాయల వడ్డీ కట్టుట తెలివి గాదు. ఆ నగను బ్యాంకున కుదువబెట్టియో, అమ్మియో ఆ అప్పును వదిలించుకొనుడు. అయితే కుదువబెట్టిన సొమ్ము ఆ అప్పునకే పోవలెను, పండుగకు గాదు.

నాలుగవది, అమ్మదగినవి, అమ్మరానివి. కష్టకాలమున పాలిచ్చు గేదెను, దున్ను పనిముట్టును, పొలమును అమ్మినవాడు విత్తనములను వండుకొని తిన్నవానితో సమానుడు. వాడక పడియున్న బండి, అక్కఱకు మించిన కలప మొదలగువానిని ముందమ్ముడు. కళ్లములోనే ధాన్యమమ్మ నక్కఱలేని ఉపాయము కూడ కలదు. గుర్తింపు పొందిన గిడ్డంగిలో నిలువచేసి, ఆ రసీదుపై ఋణము పొందవచ్చును. కిసాను క్రెడిట్ కార్డు గల చిన్న, సన్నకారు రైతులకు ఇట్టి ఋణమునకు ఆఱు నెలల వఱకు పంట ఋణపు వడ్డీ రాయితీయే వర్తించును. అయితే ధర తప్పక పెరుగునని యెవ్వరును పూచీపడలేరు. కావున సగ మమ్మి, సగము నిలుపుట క్షేమము.

ఐదవది, తగ్గింపదగిన ఖర్చులు. మంచి విత్తనము, పిల్లల చదువు, రోగికి మందు, ఈ మూడింటిని తగ్గింపకుడు. వీనిలో మిగిల్చిన రూపాయి పదియై వెనుకకు తగులును. పెండ్లి పందిరి, విందు వడ్డనలు, దినవారముల భోజనములు, ఇతరుల ట్రాక్టరును చూచి కొన్న ట్రాక్టరు, వీనిని తగ్గింపుడు. ఒక్కడు తగ్గించిన లోభి యందురు. ఊరంతయు కలిసి తగ్గించిన కట్టుబాటందురు. కావున ఇట్టివి సంఘపు సమావేశమున చర్చించి నిర్ణయించుకొనుట మంచిది.

సొమ్ము దాచు చోటు

కూడబెట్టుట సగము పని. పోగొట్టుకొనకుండుట తక్కిన సగము. నెలకు నూటికి మూడు నాలుగు ఇత్తుమని చెప్పి ఊరూర డిపాజిట్లు కూర్చువారిని నమ్మకుడు. అట్టి అనుమతిలేని డిపాజిట్ పథకములను నిషేధించుచు 2019లో కేంద్ర చట్టమే వచ్చినది. ఎంత సొమ్ము పోయిన పిదప ఆ చట్టము వచ్చినదో ఆలోచింపుడు.

తపాలా కార్యాలయపు పొదుపు ఖాతాలకు కేంద్ర ప్రభుత్వము పూచీ. బ్యాంకులలో ఒక్కొక్క బ్యాంకునందు ఒక్కొక్క ఖాతాదారునకు అసలు వడ్డీలు కలిపి 5 లక్షల రూపాయల వఱకు డిపాజిట్ బీమా కలదు. 2020 ఫిబ్రవరి 4వ తేదీకి ముందు ఇది ఒక లక్ష మాత్రమే. సహకార బ్యాంకులకును ఈ బీమా వర్తించును.

ఇక మన సంఘము మాట. మన ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములలోని డిపాజిట్లకు ఆ బీమా లేదు. సంఘపు పత్రికలో ఈ మాట వ్రాయుట సంఘమునకు చెఱుపని కొందఱకు తోపవచ్చును. దాచుటయే చెఱుపని నా నమ్మకము. బీమా లేనిచోట సభ్యుని కన్నే బీమా. సర్వసభ్య సమావేశమునకు పోయి మూడు ప్రశ్న లడుగుడు: ఆడిటు ఎప్పుడు జరిగినది, అందేమి తేలినది? బకాయి లెంత, అందు పెద్ద బకాయిదారు లెవరు? సభ్యుల డిపాజిట్లలో వెంటనే చెల్లింపగల నిలువ యెంత? ఉత్తరములు తృప్తికరముగా నున్నచో నిశ్చింతగా సంఘమున దాచుడు. మీ సొమ్ము మీ ఊరి పొలములకే ఎరువగును. ఉత్తరములు రానిచో వచ్చువఱకు అడుగుడు. 1930లో మునిగిన సంఘములలో ఈ ప్రశ్న లడిగినవారు కొఱవడిరి.

ముగింపు

దీపముండగానే యిల్లు చక్కబెట్టుకొనవలెనని పెద్దల మాట. మాంద్యము వచ్చిన పిదప పొదుపు మొదలిడుట బావి త్రవ్వుచు నిప్పునార్ప జూచుటవంటిది. మంచి ధర పలికిన యేడే రైతునకు అసలైన పరీక్ష. మా ముత్తాతగారు మాంద్యమున చేసిన తప్పేమియు లేదు, చేతనైనదంతయు చేసెను. తప్పు అంతకు ముందు, బస్తా 6 రూపాయలు పలికిన దినముననే జరిగినది. ఆ నోటుపై వ్రేలిముద్ర వేయునప్పుడు “ఇది యెన్ని బస్తాలు? ధర సగమైన ఎన్ని బస్తాలు?” అని యడుగువాడు ఆయన ప్రక్క నెవ్వడును లేడు.

మీ ప్రక్క మీరు కలరు, మీ యిల్లాలు కలదు, సంఘము కలదు. ఈ పంటకు నోటుపుస్తకము కొనుడు. చివరి పుటలో అప్పులను బస్తాలతో వ్రాయుడు. వచ్చు సర్వసభ్య సమావేశమునకు దానిని వెంట తెండు. ఎవరి లెక్క వారు చూపనక్కఱలేదు గాని, లెక్క వ్రాసినవారెందఱో చేతులెత్తుదము. నా పుస్తకమును నేనును తెచ్చెదను. అందు 2020 నాటి పుట కూడ నుండును.

మా ముత్తాతగారికి మిగిలిన రెండెకరములలో మా చిన్నాన్నగారు నేటికిని సేద్యము చేయుచున్నారు. కాలువగట్టున నిలిచి చూచినచో ఆవలనున్న మూడెకరములును పచ్చగానే యుండును. పొలమునకేమి, ఎవరు దున్నినను పండును. పండినది మన యింటికి చేరుట మాత్రము మన లెక్కపై నున్నది.